గన్నవరం పంచాయతీ ప్లాన్: ఎయిర్‌పోర్టు పక్కన ఊరి ఆదాయం ఎవరికి చేరుతుంది? జీపీడీపీ పూర్తి వివరాలు

గన్నవరం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎయిర్‌పోర్టే. తర్వాత హైవే, కేసరపల్లి ఐటీ టవర్లు, రియల్ ఎస్టేట్ బోర్డులు. మరి ఈ అభివృద్ధి ఊళ్లో టిఫిన్ బండి పెట్టుకున్నావిడకు, రెండెకరాలు కౌలుకు చేసే రైతుకు, డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న కుర్రాడికి ఎంతవరకు చేరుతోంది?

దీన్ని తేల్చే కాగితం ఒకటి ఏటా తయారవుతుంది. దాని పేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. ఆఫీసు భాషలో జీపీడీపీ. రోడ్డు, డ్రైన్, కొళాయి, చెత్త షెడ్డు, మహిళా సంఘం యూనిట్.. ఏ పనైనా ఇందులో ఉంటేనే పంచాయతీ డబ్బు ఖర్చు పెట్టగలదు. ఇందులో లేని పని వచ్చే ఏడాదికి వాయిదా పడినట్టే.

అసలు ఈ ప్లాన్ ఏంటి? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ వీధి సమస్య అందులో చేరాలంటే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

గన్నవరం చుట్టూ ఏమున్నాయి?

చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీద, విజయవాడకు ఆనుకుని ఉన్న మండల కేంద్రం గన్నవరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. గన్నవరం మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉంది.

ఈ ప్రాంతంలో ఉన్న పెద్ద సంస్థలు, ప్రాజెక్టులు ఇవీ:

- విమానాశ్రయం: 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు.
- కేసరపల్లి: మేధా టవర్స్, హెచ్‌సీఎల్ క్యాంపస్. 2024 జూన్ 12న ముఖ్యమంత్రిగా చంద్రబాబు ప్రమాణ స్వీకారం జరిగింది ఇక్కడి ఐటీ పార్కు ప్రాంగణంలోనే.
- సూరంపల్లి: ప్లాస్టిక్ ఇంజినీరింగ్ శిక్షణ ఇచ్చే సీపెట్, మహిళా పారిశ్రామికవేత్తల కోసం ఏర్పాటైన అలీప్ ఎస్టేట్.
- గన్నవరం: ఎన్టీఆర్ పశువైద్య కళాశాల.
- కొండపావులూరు: జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది క్యాంపస్, ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్. 2025 జనవరి 19న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు.
- మల్లవల్లి: పక్కనే బాపులపాడు మండలంలోని పారిశ్రామిక పార్కు. ఇక్కడి అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చి 19న మొదలైంది.

లిస్టు చూస్తే ఏ జిల్లా కేంద్రానికీ తీసిపోదు. అయితే వీటిలో ఏదీ పంచాయతీ తెచ్చింది కాదు, పంచాయతీ చేతిలో ఉన్నదీ కాదు. నిర్ణయాలు ఢిల్లీలోనో అమరావతిలోనో జరుగుతాయి. వాటివల్ల పెరిగే జనం, చెత్త, నీటి వాడకం, అద్దెలు, ట్రాఫిక్ మాత్రం నేరుగా పంచాయతీల మీద పడతాయి.

దీనికి ఎయిర్‌పోర్టే ఉదాహరణ. విస్తరణ కోసం బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి ప్రాంత రైతులు భూములిచ్చారు. ఏలూరు కాల్వ దారి కూడా మార్చాల్సి వచ్చింది. భూమి పోయినప్పుడు పట్టాదారుకు పరిహారమో ప్లాటో వస్తుంది. ఆ పొలంలో నాట్లు వేసిన కూలీకి, కౌలు చేసిన రైతుకు పోయేది పని. వాళ్ల పేరు ఏ పరిహారం లిస్టులోనూ కనిపించకపోవచ్చు. కానీ ఊరి ప్లాన్‌లో కనిపించాలి. అందరినీ కలుపుకుపోయే ఆర్థికాభివృద్ధి అంటే ఊరి స్థాయిలో అర్థం ఇదే.

జీపీడీపీ అంటే ఏంటి?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ద్వారా వచ్చిన 243జీ అధికరణం ప్రకారం ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం పంచాయతీలు సొంతంగా ప్రణాళికలు తయారు చేసుకోవచ్చు. వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, తాగునీరు, పేదరిక నిర్మూలన, మహిళా శిశు సంక్షేమం సహా 29 అంశాలను 11వ షెడ్యూల్‌లో పెట్టారు.

14వ ఆర్థిక సంఘం నిధులు 2015 నుంచి నేరుగా పంచాయతీల పేరు మీద రావడం మొదలయ్యాక ఈ ప్లాన్‌కు ప్రాధాన్యం పెరిగింది. 2018 నుంచి దేశమంతా ఏటా ప్రజా ప్రణాళిక ప్రచారం నడుస్తోంది. మామూలుగా అక్టోబరు 2న గ్రామసభలతో హడావుడి మొదలవుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు వచ్చే ఏడాది ప్లాన్ సిద్ధం కావాలి.

రాష్ట్ర ప్రభుత్వానికి వేరే పెద్ద ప్లాన్ ఉంది. 2024 డిసెంబరు 13న విజయవాడలో విడుదలైన స్వర్ణాంధ్ర విజన్-2047 పత్రం, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థను 2.4 ట్రిలియన్ డాలర్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. దానికి అనుగుణంగా నియోజకవర్గాల వారీగా కూడా ప్రణాళికలు వేస్తున్నారు. అది పైనుంచి కిందికి దిగే ప్లాన్. జీపీడీపీ కింది నుంచి పైకి వెళ్లే ప్లాన్. ఊరి నుంచి సరైన వివరాలు వెళ్లకపోతే పైనున్న లెక్కల్లో ఊరి పేదలు కనిపించరు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రధానంగా మూడు దారులు. ఆర్థిక సంఘం గ్రాంట్లు, పంచాయతీ సొంత ఆదాయం, ప్రభుత్వ పథకాల నిధులు.

మొదటిదానిలో ఒక కిటుకు ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం టైడ్ ఫండ్స్. అంటే ఏ పనికి వాడాలో ముందే చెప్పి ఇచ్చిన డబ్బు.

ఆ కాలంలో రూ.100 వస్తే లెక్క ఇలా:

- రూ.30: తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగం
- రూ.30: పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ
- రూ.40: ఊరి అవసరాన్ని బట్టి పంచాయతీ ఎంచుకునే పనులు. దీన్ని జీతాలకు మాత్రం వాడకూడదు

గ్రామసభలో అసలు పోటీ ఇలా పంచాయతీ ఎంచుకునే డబ్బు మీదే. మా వీధిలో సీసీ రోడ్డు వేయండి అని గట్టిగా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. సంఘం మహిళలకు అమ్మకాల షెడ్డు కావాలనో, కూరగాయలవాళ్లకు నీడ కావాలనో అడిగేవాళ్లు తక్కువ. అందుకే చాలా ఊళ్ల ప్లాన్లలో సిమెంటు పనులే ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ గ్రాంట్ల మీద వివాదాలూ ఉన్నాయి. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేయడంపై రాష్ట్రంలో సర్పంచుల సంఘాలు గతంలో ఆందోళనలు చేశాయి. పంచాయతీల చేతిలో డబ్బు ఎంత తక్కువో చెప్పడానికి ఇంకో లెక్క చాలు. స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం జరుపుకోవడానికి మేజర్ పంచాయతీకి ఇచ్చే మొత్తం 2024 ఆగస్టు వరకు రూ.250. అప్పుడు దాన్ని రూ.25 వేలకు పెంచారు. మైనర్ పంచాయతీలకు రూ.100 ఉన్నది రూ.10 వేలు అయింది.

సొంత ఆదాయం ఎందుకు కీలకం?

గ్రాంటుకు షరతులుంటాయి. సొంత ఆదాయానికి అంత పట్టు ఉండదు. ఇంటి పన్ను, కొళాయి పన్ను, షాపు గదుల అద్దెలు, సంత వేలం, ప్రకటనల రుసుము, రిజిస్ట్రేషన్లపై వచ్చే స్టాంపు డ్యూటీ సర్‌ఛార్జి వాటా.. ఇవన్నీ పంచాయతీ ఆదాయ మార్గాలే.

గన్నవరం లాంటి చోట ఇవి మామూలు పల్లెకంటే ఎక్కువ. హైవే వెంట హోర్డింగులున్నాయి. ఎయిర్‌పోర్టు చుట్టూ హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు పెరిగాయి. ఒక ఇంటి మీద రెండంతస్తులు పెరిగినా పన్ను పాత లెక్కలోనే కడుతుంటే, నష్టపోయేది అదే వీధిలో డ్రైన్ కోసం ఎదురుచూసేవాళ్లు. పన్నుల పుస్తకం సరిచేయడమే ప్లాన్‌లో మొదటి పని కావాలి.

ఇంకోటి లేఅవుట్లు. గన్నవరం ప్రాంతం సీఆర్‌డీఏ పరిధిలో ఉంది. నిబంధనల ప్రకారం లేఅవుట్ వేస్తే 10 శాతం స్థలాన్ని ఉమ్మడి అవసరాలకు వదలాలి. ఆ స్థలాల జాబితా, సర్వే నంబర్లు పంచాయతీ దగ్గర పక్కాగా ఉంటే పార్కు, అంగన్‌వాడీ, నీటి ట్యాంకు, చిరు వ్యాపారుల షెడ్లకు జాగా దొరుకుతుంది. లేకపోతే కబ్జా అయ్యాక గొడవలే మిగులుతాయి.

9 లక్ష్యాలు ఏంటి?

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 9 థీమ్‌లుగా మార్చింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యం, పిల్లలకు అనుకూలం, సరిపడా నీరు, పచ్చదనం-పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలకు అనుకూలం. ప్రతి పంచాయతీ తన ప్లాన్‌ను వీటిలో ఎంచుకున్న థీమ్‌ల చుట్టూ అల్లుకోవాలి.

ఐక్యరాజ్యసమితి జాబితాలో 8వ లక్ష్యం, అందరినీ కలుపుకుపోయే సుస్థిర ఆర్థికాభివృద్ధి, మంచి ఉపాధి. ఊరి స్థాయిలో అది మొదటి, తొమ్మిదో థీమ్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. గన్నవరానికి వర్తించేలా చూస్తే నాలుగు వర్గాలు ముఖ్యం.

1. సంఘాల మహిళలు

డ్వాక్రా సంఘాలు, వాటి గ్రామ సమాఖ్యలు తమ సభ్యుల అవసరాలతో ఒక పేదరిక నిర్మూలన ప్లాన్ తయారు చేయాలి. దాన్ని గ్రామసభలో జీపీడీపీలో కలపాలి. ఎవరికి పింఛను అందలేదు, ఎవరికి గేదె లోను కావాలి, ఏ వీధిలో కొళాయి లేదు అన్నవి ఇందులో ఉంటాయి. పాడి మీద బతికే కుటుంబాలున్న ఈ ప్రాంతంలో పశువైద్య కళాశాల పక్కనే ఉంది. పశువుల ఆరోగ్య శిబిరాల్లాంటి ఖర్చులేని పనులను కూడా ప్లాన్‌లో రాయించుకోవచ్చు. డబ్బు అక్కర్లేని పనులకు ప్లాన్‌లో వేరే భాగం ఉంటుంది. దాన్ని నింపేవాళ్లే తక్కువ.

2. కౌలు రైతులు

కృష్ణా డెల్టాలో సాగు చేసేవారు ఒకరు, పట్టా ఇంకొకరి పేరు మీద ఉండటం మామూలే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే సంతకం దొరకదు, కార్డు రాదు. కార్డు లేకపోతే పంట రుణం, నష్టపరిహారం దగ్గర ఇబ్బంది. కార్డు ఇవ్వడం పంచాయతీ పని కాదు. అయితే ఊళ్లో అసలు సాగుదారుల జాబితాను గ్రామసభలో చదివించి, తీర్మానంగా రెవెన్యూ, వ్యవసాయ శాఖలకు పంపడం పంచాయతీ చేయగలిగిన పనే.

3. చిరు వ్యాపారులు

బస్టాండు, హైవే జంక్షన్ల దగ్గర బండ్లవాళ్లకు నగరంలో ఉన్న గుర్తింపు పంచాయతీలో ఉండదు. పీఎం స్వనిధి పథకం 2020లో పట్టణాల కోసమే మొదలైంది. 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 2030 మార్చి వరకు పొడిగించి, సెన్సస్ టౌన్లు, పట్టణ శివారు ప్రాంతాలకూ దశలవారీగా విస్తరించాలని నిర్ణయించింది. తొలి విడత రుణాన్ని రూ.15 వేలకు పెంచింది. పంచాయతీ దగ్గర వ్యాపారుల జాబితా సిద్ధంగా ఉంటే ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు ముందు వరుసలో ఉండొచ్చు.

4. యువత

ఫలానా కంపెనీలో ఇన్ని ఉద్యోగాలు మా ఊరికే ఇవ్వాలని పంచాయతీ ఆదేశించలేదు. చదువు, నైపుణ్యం వారీగా ఊళ్లో నిరుద్యోగుల లెక్క తీయగలదు. ఆ లెక్కతో సీపెట్‌లాంటి సంస్థలను, నైపుణ్యాభివృద్ధి శాఖను అడగొచ్చు. మల్లవల్లి ప్లాంటుకు ఏ ట్రేడ్ వాళ్లు కావాలో, ఊళ్లో ఎంతమంది ఐటీఐ వాళ్లున్నారో ఒకే కాగితం మీద పెడితే చాలావరకు దారి కనిపిస్తుంది.

నీళ్లు, చెత్త: సుస్థిరం అంటే ఇక్కడ ఇదే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ బుడమేరు విజయవాడ దాటి కొల్లేరు వైపే సాగుతుంది. దారిలోని ఊళ్లలో కాల్వగట్లు, బోదెలు, చెరువులు పూడిపోతే వాన నీరు ఇళ్లలోకి వస్తుంది. లేఅవుట్ల కోసం పొలాలు మెరక చేసిన చోట పక్క పొలం, పక్క వీధి మునుగుతాయి. కాబట్టి మురుగు కాల్వల పూడికతీత, చెరువు గట్టు పనులు కూడా ఆర్థిక పనులే. ఒక్క వరదతో బండి, ఫ్రిజ్, కుట్టు మిషన్ పోతే ఆ కుటుంబం మళ్లీ అప్పులోకి వెళ్తుంది.

చెత్త విషయానికొస్తే పంచాయతీల్లో సంపద తయారీ కేంద్రాలున్నాయి. తడి చెత్తను వర్మీ కంపోస్టుగా మార్చి అమ్మడం, పొడి చెత్తను వేరు చేయడం వీటి పని. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు ఉన్న చోట తడి చెత్తకు కొదవ లేదు. షెడ్డు ఉంటే సరిపోదు. అది నడవడానికి మనుషులకు జీతం, గ్లవ్స్, బండి రిపేరు ఖర్చు కూడా ప్లాన్‌లో ఉండాలి. పారిశుద్ధ్య కార్మికుల జీతం ఆలస్యమైతే ఊరి శుభ్రతా ఆగుతుంది, ఆ కుటుంబం పొయ్యీ ఆగుతుంది.

కూలి పనుల సంగతి కూడా ప్లాన్‌తో ముడిపడే ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో వీబీ-జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 125 రోజుల పని ఇస్తామని, పనులు పంచాయతీ ప్రణాళికల నుంచే రావాలని అది చెబుతోంది. అంటే ప్లాన్ బలహీనంగా ఉంటే కూలి దినాలూ తగ్గే ప్రమాదం ఉంది.

మీ సమస్య ప్లాన్‌లో చేరాలంటే?

- ఊరి ఓటరు జాబితాలో పేరుంటే మీరు గ్రామసభ సభ్యులే. ఎవరి ఆహ్వానం అక్కర్లేదు.
- చట్ట ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిగాయి.
- తేదీ, సమయం పంచాయతీ కార్యాలయంలో తెలుసుకోండి. అక్టోబరు నుంచి జనవరి వరకు ఓ కన్నేసి ఉంచండి.
- నోటితో చెప్పి ఊరుకోవద్దు. వీధి పేరు, సమస్య, ఎన్ని కుటుంబాలకు ఉపయోగమో రాసి ఇవ్వండి. రసీదు తీసుకోండి.
- మీ పని తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో సభ ముగిసేలోపు చూడండి.
- ఆడవాళ్లు సభలో మాట్లాడే అవకాశం తక్కువగా ఉంటే ముందుగా మహిళా సభ పెట్టమని అడగొచ్చు. దివ్యాంగులు, వృద్ధుల తరఫున వార్డు సభ్యులు అడగాలి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

పంచాయతీ ప్లాన్లు, ఖర్చులు ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఉంటాయి. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ పోర్టల్‌ను ఫోన్‌లో ఎవరైనా చూడొచ్చు. మేరీ పంచాయత్ యాప్‌లో కూడా వివరాలుంటాయి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ పేరు ఎంచుకుంటే ఏ ఏడాది ఏ పనులు రాశారో కనిపిస్తుంది.

అక్కడ పని పూర్తి అని ఉండి, మీ వీధిలో పని కనిపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఏపీలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

వేరే చోట్ల ఏం జరిగింది?

తెలంగాణలోని వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లి ఒక చిన్న ఊరు. అక్కడ తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరివాళ్లే నడిపించుకున్నారు. పన్నులు పూర్తిగా కట్టే ఊరుగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. మన పన్ను మన కొళాయికే వస్తుందని కళ్లారా చూసిన చోట జనం పన్ను ఎగ్గొట్టరని ఈ ఊరు నిరూపించింది.

కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చింది. 1998లో కుటుంబశ్రీ మహిళా సంఘాలు దానికి తోడయ్యాయి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లోనే బడ్జెట్‌లో ఏ పని ముందో ప్రజలే తేల్చే పద్ధతి తెచ్చింది. ఈ మూడు చోట్లా జనం సభకు వచ్చారు, పాలకులు డబ్బు లెక్క ముందు పెట్టారు.

గన్నవరంలో ముందున్న పరీక్ష

విజయవాడ విస్తరిస్తున్న కొద్దీ గన్నవరం పల్లె లక్షణం పోతోంది. పెద్ద పంచాయతీలను రూర్బన్ పంచాయతీలుగా వర్గీకరించాలని రాష్ట్ర మంత్రివర్గం 2025లో నిర్ణయించింది. రేపు ఏ హోదా వచ్చినా, భూముల ధరలు ఇంకా పెరిగినా, కౌలు రైతుకు, కూలీకి, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు దానివల్ల నేరుగా ఒరిగేది తక్కువ. అద్దె పెరుగుతుంది, పొలం తగ్గుతుంది. వాళ్ల వాటాను కాగితం మీద పెట్టే చోటు గ్రామసభే.

వచ్చే సభలో మైకు ముందు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. పోయిన ఏడాది ప్లాన్‌లో ఎన్ని పనులు పూర్తయ్యాయి? పన్ను బకాయిల్లో పెద్దవాళ్లవి ఎంత? ఈసారి ప్లాన్‌లో సంఘాల మహిళలకు, కౌలు రైతులకు, చిరు వ్యాపారులకు పేరు పెట్టి రాసిన పని ఏది? సమాధానాలు తీర్మానాల పుస్తకంలో రాయించండి. మాట మారినా ఆ పుస్తకం మారదు.